దూడ తాగిన పాలు

"పొయ్యకండి సార్!" అని పాలమ్మ పాకలోంచి పరిగెత్తుకొచ్చేలోపే, తనిఖీకి వచ్చిన ఆహార అధికారి ఆమె పాలక్యానులో ఫినాయిల్ సీసా వంపేశాడు.

"ఇంట్లో పితికిన పాలు లైసెన్సు లేకుండా అమ్మకూడదని చెప్పానా లేదా? జనం ప్రాణాలతో చెలగాటమా?"

"ఏళ్ల తరబడి ఈ వీధికంతా పోస్తున్నా. ఒక్కరికైనా కడుపునొప్పి వచ్చిందా? పోనీ, మీరు పరీక్ష చేశారా?"

"పరీక్షెందుకు? లైసెన్సు లేకపోతే ప్రమాదమే."

పాలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆమె నోరు తెరిచేలోగా, తాడు తెంచుకున్న దూడ పరిగెత్తుకొచ్చి క్యానులో మూతి పెట్టబోయింది.

"పట్టుకో, పట్టుకో! తాగితే చస్తుంది!" అధికారి గావుకేక పెట్టి క్యానును ఒక్క తన్ను తన్నాడు. పాలన్నీ ఘాటు వాసనతో వాకిలంతా పారాయి.

పాలమ్మ దూడను మెడ పట్టి వెనక్కి లాగింది. 

"రోజూ ఇది తాగాకే జనానికి పోస్తాను. పొద్దున కూడా తాగింది. అప్పుడు చావలేదే!"

అధికారి తన చేతిలోని ఖాళీ సీసాను మెల్లగా సంచీలోకి తోయబోయాడు.

"దాస్తావేం నాయనా?" అంది పాలమ్మ. "దానికి లైసెన్సు ఉందిగా!"