ఐదో తరగతి ఒడిబియ్యం

“ఆ కోడిని బయట పెట్టి రా, యాదగిరీ,” అన్నాడు దశరథం సారు, కళ్లద్దాలు పైకి జరుపుకొంటూ.

సంచిలోంచి తల బయటపెట్టిన పుంజు ఆయన వంక చూసింది. పిల్లవాడి తండ్రిగా సమావేశానికి వచ్చిన యాదగిరి మాత్రం కదలలేదు.

“క్రిస్మస్ గద సారూ. లెక్కల సారుకని తెచ్చిన.”

నల్గొండ శివారులోని ఆ మిషను బడికి దశరథం ప్రధానోపాధ్యాయుడు. సర్కారు బడిలో ముప్ఫై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి, పదవీ విరమణ అనంతరం ఇక్కడికి వచ్చాడు. నిరుడు క్రిస్మస్‌కు తల్లిదండ్రులు టీచర్లకు కానుకలు మోసుకొచ్చిన తీరు ఆయన ఇంకా మరువలేదు. ఒకరు చీర తెస్తే మరొకరు మిక్సీ తెచ్చారు. మూడో తరగతి పిల్లవాడి తండ్రి ఒకాయన మేకపిల్లను తెచ్చి జెండా గద్దె దగ్గర కట్టేస్తే, అది క్రిస్మస్ చెట్టుగా నిలిపిన సరుగుడు కొమ్మను నక్షత్రం దాకా మేసింది. పరీక్షలయ్యాక, మిక్సీ ఇచ్చినవారికి మేకపిల్ల ఇచ్చినవారికన్నా మార్కులెందుకు తగ్గాయని పంచాయితీ నడిచింది. ఈ ఏడు ఒక్క కానుక చేతులు మారినా తమరు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవచ్చునని యాజమాన్యం ఆయనకు మర్యాదగా తెలియజేసింది.

అందుకే ఆయన సర్కారు నియమావళిని ముందు పెట్టుకొని, శ్రద్ధగా ఒక ఉత్తర్వు రాసి గోడకు అంటించాడు. దగ్గరి బంధువుల నుండి తప్ప ఉపాధ్యాయులు ఎవరి నుండీ కానుక స్వీకరించరాదు. ఈనాటి తల్లిదండ్రుల సమావేశంలో దాని అంతరార్థాన్ని శాస్త్రసమ్మతంగా వివరించాడు కూడా. విద్య ముగించుకొని శిష్యుడు సెలవు తీసుకొనేనాడు సమర్పించేది దక్షిణ. పరీక్షకు ముందు ఇచ్చేదానికి ఏ శాస్త్రమూ పేరు పెట్టలేదన్నాడు.

అప్పుడు చివరి బెంచీలోంచి ఒక ముసలామె లేచింది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ, చంకలో మూట. భద్రమ్మ అని పేరు చెప్పుకొంది. ఆయన ఆమెనెన్నడూ చూడలేదు. కూలికో కంపెనీకో పోయిన తల్లిదండ్రులకు బదులు అవ్వలు రావడం మామూలే. ఏ తరగతని గేటు కాపలా లింగస్వామి అడిగితే, సుచరిత టీచరుది, ఐదో తరగతి అని చెప్పి లోపలికి వచ్చిందట.

“సారూ, గా గోడమీద రాసింది జర మల్ల సదువున్రి.”

ఆయన చదివాడు.

“అంటే చుట్టమైతే ఇయ్యొచ్చు.”

“ఇవ్వవచ్చును.”

“మంచిది.”

ఆమె బల్ల మీద మూట విప్పింది. పసుపు కలిపిన బియ్యం, అయిదు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ, ఒక ఆకుపచ్చ చీర. చీర మడతల దగ్గర రంగు వెలిసి ఉంది. ఎన్నేళ్లుగానో పెట్టెలో పడివున్న చీరతో మార్కులు సంపాదించ చూస్తున్నదని దశరథం మనసులో విసుక్కున్నాడు.

“సుచరితా, ఇట్ల రా బిడ్డా. కొంగు వట్టు.”

ఒడిబియ్యం పుట్టింటివారు పెళ్లయిన ఆడపిల్ల కొంగులో పోసేవి. పోసిన తర్వాత ఆమె ఆ ఇంటి బిడ్డే. దాన్ని రద్దుచేసే విధానం దశరథం చదివిన ఏ గ్రంథంలోనూ లేదు. సుచరిత చర్చి హాస్టలులో పెరిగింది. ఆమె దరఖాస్తులో తండ్రి పేరు ఉండవలసిన చోట హాస్టలు చిరునామా ఉన్నదని ఆయనకు తెలుసు. పెళ్లయి నాలుగేళ్లయినా ఆమె కొంగులో గింజ పోసినవారు లేరు. ఎవరు ఏమిచ్చినా చేతులు వెనక్కి పెట్టుకొనే ఆ పిల్ల, ఒకసారి సారు వంక, ఒకసారి ముసలామె వంక చూసి, మెల్లగా కొంగు పట్టింది.

“అవ్వా, ఇది ఉత్తర్వును తప్పించుకొనే ఎత్తు.”

“ఎత్తేంది సారూ. మొన్న నాకు జరమొస్తే దవాఖానకు మా గల్లీల ఉండే గీ పిల్లనే తీస్కపోయింది. ఇంటికాడ ఏమిచ్చినా ముట్టది. గీ పండుగకైతే టీచర్లు తీసుకుంటరంటే వచ్చిన.”

ఆమె మొదటి దోసిలి పోసింది. రెండోది పోసేలోగా యాదగిరి లేచి వెళ్లి లెక్కల సారు పరమేష్ చేయి పట్టుకొన్నాడు.

“బావా,” అన్నాడు.

“నీకు చెల్లెలే లేదు గదా.”

“ఉంటే నీకే ఇస్తుంటి.”

ఇంకొకామె సైన్సు టీచరు మంజులతకు వదిన అయింది. పాతికేళ్ల కుర్రతండ్రి ఒకడు, యాభై దాటిన డ్రిల్లు సారుకు మేనమామనని ప్రకటించాడు. పావుగంటలో బడి పెళ్లివారి విడిది అయింది. పుంజు బల్ల ఎక్కి కూసింది.

దశరథం నుదుటి చెమట తుడుచుకొన్నాడు. నియమావళిలో తాను గోడకెక్కించని రెండో వాక్యం అప్పుడు గుర్తుకు వచ్చింది. పద్యం చదివే గొంతుతో దాన్ని చదివాడు. బంధువుల పిల్లలు ఆ ఉపాధ్యాయుని తరగతిలో ఉండరాదు, వారి జవాబుపత్రాలు వేరే బడిలో దిద్దించవలెను. పిమ్మట రిజిస్టరు తెరిచి, కలం మూత తీశాడు.

“చుట్టాలందరూ వరుసగా వచ్చి పిల్లల పేర్లు చెప్పండి.”

కలిసినంత వేగంగానే చుట్టరికాలు విడిపోయాయి. వదినగారు చీర పొట్లం సంచిలో దాచుకొంది. మేనమామ కనబడకుండా పోయాడు. యాదగిరి పరమేష్ చేయి వదిలి, పుంజు తలను సంచిలోకి నొక్కాడు.

“ఇద్దామనే అనుకున్న సారూ. మా చెల్లె ఒప్పుకుంటలేదు.”

గది ఖాళీ అయింది. భద్రమ్మ ఒక్కతే మిగిలి, అయిదో దోసిలి పోసి, సుచరిత కొంగు ముడివేస్తున్నది. దశరథం గెలిచిన తృప్తితో కలం కాగితం మీద ఆనించాడు.

“నీకూ తప్పదు, అవ్వా. రేపటి నుండి నీ మనుమడో మనుమరాలో వేరే తరగతికి పోవలసిందే. పేరు చెప్పు.”

భద్రమ్మ పసుపు చేతులు దులుపుకొని ఆయన వంక వింతగా చూసింది.

“నాకు పిల్లలే లేరు సారూ.”