తూక్కం రాలే

నూలు మిల్లులో దారం చుట్టే, ఇంట్లో తెలుగే మాట్లాడే కుప్పమ్మాళ్‌కి మదురై ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సరుకి నెలరోజులు రేడియేషన్ కరెంటు పెట్టారు. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు తెలుగులో పలకరించేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"తూక్కమే రాలే సామీ," అంది.

"వస్తుందమ్మా. పాలు, గుడ్లు బాగా తీసుకో," అని టానిక్కు రాశాడు.

మరుసటి వారమూ ఆమె అదే మాట చెప్పింది. మిల్లులో దూదిబేళ్లను తూచినట్టు ఆమెను కాటా ఎక్కించి, టానిక్కు రెండు పూటలూ తాగమన్నాడు.

మూడో వారం ముల్లు కాస్త ముందుకు జరిగింది. "చూశావా, తూకం వచ్చింది. ఇక ఆర్నెల్ల దాకా రానక్కర్లేదు," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

చీటీ పట్టుకుని వరండాలో నిలబడిపోయిన ఆమెను తమిళ నర్సు ఏమైందని అడిగింది. కుప్పమ్మాళ్ మళ్లీ ఆ మాటే చెప్పింది. ఆ మాట తమిళమే కాబట్టి నర్సుకి వెంటనే అర్థమైంది.

"నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?"

"కరెంటు పెట్టిన కాడినుంచీ. పండుకుంటే ఒకటే మంట. గోడకానుకోనే తెల్లారతా ఉండాది."

"అయ్యో, డాక్టరుకి చెప్పలేదా?"

"చెప్పినా. ఆయనకు బాగా తెలియాలని, మా తెలుగులోనే చెప్పినా."