అసలు సైజు

నాలుగు కావడానికి ఇంకా పదకొండు నిమిషాలుంది. కంప్యూటరు తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"చచ్చిందా?" అంది పక్క సీటు పిల్ల. నోరు ఊరుకోదు కనక ఆమెను క్లాసంతా చిలక అంటారు.

"బతికే ఉంది. ఆలోచిస్తోంది," అన్నాడు బ్రష్షు.

ఆ పేరు పెట్టింది చిలకే. అతను మౌసును కూడా కుంచెలా మూడు వేళ్ళతో పట్టుకుంటాడు. పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని ఒక్క క్షణం దణ్ణం పెట్టుకుంటాడు. కొన్నాళ్ళు క్లాసంతా నవ్వింది. తర్వాత అలవాటైపోయింది.

డిజైన్ కోర్సులో ఇది ఆఖరి ప్రాజెక్టు. ఊళ్ళో ఎవరికైనా నిజంగా పనికొచ్చేది చెయ్యాలి. బ్రష్షు తన వీధిలోని పాటల బృందానికి బ్యానరు చేస్తానన్నాడు. వాళ్ళు నలుగురే. పాత గ్యారేజీలో వాయిస్తారు. శనివారం మొదటిసారి మైదానంలో పాడబోతున్నారు.

"ఇరవై అడుగులు కావాలి బాబాయ్," అన్నాడు గిటారు వాయించేవాడు. "బస్సులో పోయేవాడు కూడా మెడ తిప్పాలి. నీలా అక్షరం తిప్పేవాడు ఊళ్ళో లేడు."

ఆ ఒక్క మాటకే బ్రష్షు పొంగిపోయాడు. అందరూ అక్షరాలు టైపు చేస్తే, అతను ఒక్కొక్కటే గీశాడు. పదిహేడు రోజులు పట్టింది. ఒక అక్షరం తోక సాగి తీగలా వంపు తిరిగింది. సున్నాలు డ్రమ్ముల్లా గుండ్రంగా కూర్చున్నాయి.

పాసైతే ఫ్లెక్సీ షాపులో కుర్చీ ఖాయం. సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చి చూపించమన్నాడు ఓనరు. కిందటేడు బ్రష్షు తప్పాడు. ఈ కోర్సుకి రెండుసార్లే అవకాశం. ఇది రెండోసారి.

సారు ముందే చెప్పాడు. ఒకసారి కాదు, పదిసార్లు.

"చివరి సీటు, వినాలి. ఇరవై అడుగుల బ్యానరుని ఇరవై అడుగుల్లోనే గీయకూడదు. పదో వంతు సైజు చాలు. ప్రింటు దగ్గర అదే పెద్దదవుతుంది."

"చిన్నదాన్ని సాగదీస్తే అక్షరం చెడుతుంది సార్."

"చెడకుండా కంప్యూటరు చూసుకుంటుంది."

"దానికి అక్షరం మీద అంత ప్రేమ ఉంటుందా సార్?"

క్లాసు గొల్లుమంది. సారు నవ్వలేదు.

సారు మిగతావాళ్ళను పేరుపెట్టి పిలుస్తాడు, కళ్ళలోకి చూసి తిడతాడు. బ్రష్షుని మాత్రం చివరి సీటు అంటాడు, గోడకేసి చూసి తిడతాడు. "నువ్వంటే ఆయనకి పడదు బాబాయ్," అని చిలక ఎప్పుడో తేల్చేసింది. బ్రష్షు కాదనలేదు.

ఇన్నాళ్ళూ బ్యానరుని ముక్కలు ముక్కలుగా గీశాడు. ప్రతి ముక్కా అసలు సైజులోనే. ఇవాళే అన్నిటినీ ఒకచోట అతికించాడు. అప్పటినుంచీ చక్రం తిరుగుతోంది.

నాలుగింటికి సారు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. తెర తెల్లబడింది. సారు వంగి తనే నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. కంప్యూటరు ఒక్క మూలుగు మూలిగి ఆరిపోయింది.

"ఇంకొక్క నిమిషం చూద్దాం సార్," అంది చిలక. "పాపం, పదిహేడు రోజులు కూర్చున్నాడు."

సారు ఏదో అనబోయాడు.

"రూలు అందరికీ ఒకటే," అన్నాడు బ్రష్షు. "నాలుగింటికి తెరుచుకోని ఫైలుకి సున్నా. వేసెయ్యండి సార్."

సారు పెన్ను కాగితం మీద చాలాసేపు ఆగింది. చివరికి సున్నా చుట్టాడు. అది గుండ్రంగా రాలేదు.

బ్రష్షు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. గిటారు వాయించేవాడికి ఫోను చేశాడు.

"అయ్యో, దానికేముంది బాబాయ్! ఫ్లెక్సీ షాపులో ఒకమ్మాయి టైపు కొట్టి ఇచ్చేసింది. పది నిమిషాల పని. ఆ కుర్చీ కూడా ఇక ఆ అమ్మాయిదేనట. నువ్వు శనివారం వచ్చెయ్, ముందు వరసలో కూర్చుందువు గానీ."

"అలాగే," అన్నాడు బ్రష్షు.

ఎదురుగోడ మీద ఏనాటిదో సబ్బు ప్రకటన ఉంది. చేత్తో రాసిన అక్షరాలు, ఒక్కోటి మనిషెత్తు. సగం మీద ఫ్లెక్సీ కప్పేశారు. మిగిలిన సగం ఎండకు వెలిసిపోయింది. బ్రష్షు ఆ సగాన్నే చూస్తూ కూర్చున్నాడు. దేవుడు ఒక్కో చేతికి ఒక్కో పని రాసి పంపుతాడంటారు. ఆ పనే లోకంలో లేకుండా పోతే చేతినేం చేసుకోవాలో కూడా ఎక్కడైనా రాశాడా?

చిలక సంచి భుజాన వేసుకుని వచ్చి ఆగింది.

"ఇంట్లో తిడతారా బాబాయ్?"

"తిడితే బాగుణ్ణు."

ఆ పిల్ల సంచి సర్దుకుంది. వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే అందరూ వెళ్ళిపోయారు. బ్రష్షు మాత్రం మెట్ల మీదే ఉన్నాడు. 'ఈసారి గట్టెక్కుతావులే' అని పొద్దున నవ్వుతూ సాగనంపిన మొహం కళ్ళముందు ఉంది. ఆ మొహానికి ఏం చెప్పాలి?

సారు క్లాసు గదికి తాళం వేశాడు. బండి తెచ్చి మెట్ల పక్కన ఆపాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. రెండో హెల్మెట్ తీసి బ్రష్షు ఒళ్ళో పెట్టాడు. ఈసారి గోడకేసి చూడలేదు.

"ఎక్కు నాన్నా, అమ్మకి నేను చెబుతాలే," అన్నాడు కొడుకు.