అనుమతి లేదు

ఉదయం తొమ్మిదింటికల్లా సిస్టమ్స్ ఆఫీసరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంట్లో కిటికీ పక్క బల్ల ముందు కూర్చున్నాడు. లాప్‌టాప్ తెరిచాడో లేదో ఫోన్ మోగింది. నీటి సరఫరా ఆఫీసు నుంచి ఇంజనీరు.

"సార్, పెద్ద పైపు పగిలింది. బడి ముందు మోకాళ్ల లోతు నీళ్లు. ఏ వాల్వు కట్టెయ్యాలో చూద్దామంటే మ్యాపు తెరుచుకోవట్లేదు. 'అనుమతి లేదు' అంటోంది."

"అంటుంది మరి. ఆ ఫైలుకి ఓనరెవరు?"

"మీరే కదండీ."

"గ్రూపు?"

"మీదే. అందులో ఉన్నదీ మీరొక్కరే."

"అయితే మీరేమవుతారు?"

"ఇతరులం సార్."

ఆఫీసరు ప్రాణం లేచొచ్చింది. ఓనరూ, గ్రూపులోవాళ్లూ కానివాళ్లంతా ఇతరులేనని పదకొండేళ్లుగా గొంతు చించుకుని చెప్పిన పాఠం ఇన్నాళ్లకి ఒకడి బుర్రకెక్కింది.

భార్య కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "వాళ్లకింకా మీరే దిక్కా?"

"ఇంకెవరున్నారే?" అన్నాడు, కాస్త గర్వంగానే.

ఇంతలో ఆ ఆఫీసు డైరెక్టరు ఇంజనీరు చేతిలోంచి ఫోన్ అందుకున్నాడు. "పిల్లల్ని భుజాలకెత్తుకుని దాటిస్తున్నామండీ. ఏడు ఏడు ఏడు కొడితే అందరికీ అన్నీ తెరుచుకుంటాయట కదా. కొట్టి పారెయ్యండి."

ఆఫీసరుకి ఒళ్లు మండింది. "చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, నడపడానికి ఒకటి. కలిపితే ఏడు. ఓనరుకో అంకె, గ్రూపుకో అంకె, ఇతరులకో అంకె. అది అందరికీ పంచిపెడితే రేపు ఎవడో మ్యాపులోంచి ట్యాంకునే చెరిపేస్తాడు. అప్పుడు అడిగేది నన్నేగా? మీకు కావలసిందేమిటో రాసి పంపండి."

డైరెక్టరు పళ్లు నూరుకుంటూ మెయిలు పంపాడు. ఫైలు పేరు సరిగ్గా లేదని ఆఫీసరు తిప్పి పంపాడు. రెండో మెయిల్లో పేరు సరిచేసి, అడక్కుండానే 'దయచేసి' కూడా చేర్చాడు డైరెక్టరు. అప్పటికి నీళ్లు తొడల దాకా వచ్చాయి.

ఆఫీసరు వేళ్లు విరుచుకున్నాడు. ఫైలుని ఇంజనీర్ల గ్రూపుకి మార్చాడు. అనుమతులు మార్చే కమాండు సీహెచ్‌మాడ్, దాని పక్కన ఆరు నాలుగు సున్నా కొట్టాడు. తను చదవొచ్చు, రాయొచ్చు. ఇంజనీర్లు చదివి ఊరుకోవాలి. మిగతావాళ్లు కన్నెత్తి కూడా చూడకూడదు.

పావుగంటలో వాల్వు దొరికింది. నీళ్లు ఆగాయి.

"చాలా ఉపకారం చేశారండీ," అన్నాడు డైరెక్టరు. గొంతులో ఉపకారం పొందిన జాడ లేదు. "మీరొక్కసారి ఆఫీసుకొచ్చి వెళ్లకూడదూ? ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. కారు పంపిస్తాను."

"చూద్దాం. అదీ రాసి పంపండి," అని ఫోన్ పెట్టేసి, ఆఫీసరు చల్లారిన కాఫీ తీరిగ్గా తాగాడు.

ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసి అప్పటికి మూడు నెలలైంది. ఆ సంగతి కంప్యూటర్లోకి ఎక్కించే అనుమతి మాత్రం ఆయనొక్కడికే ఉంది.