నూట నలభై మూడో పేజీ

మసి చచ్చిపోతోందని పొద్దున్నే తెలిసింది.

మసి ఒక కుంటి నక్క. ‘ఏడు వంతెనల రాజ్యం’ నవలల్లో యువరాణి వెన్నంటి తిరిగేది. నాలుగు భాగాలు వచ్చేశాయి, రాబోయే ఐదోదే ఆఖరు. అందులోంచి ఒక్క పేజీని పబ్లిషర్లు రుచి చూపించడానికి ఫోన్లలోకి వదిలారు. ఆ పేజీ చివర ఇనుప బాణమొకటి వచ్చి మసి గుండెలో దిగింది. కింద చిన్న ముక్క: “పుస్తకం రేపు అచ్చుకి వెళ్తోంది.”

కాలేజీ అమ్మాయి ఒళ్లో స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిచిన చోటే ఉండిపోయింది. పరీక్ష ఎల్లుండి. ఒక్క లెక్కా బుర్రకెక్కడం లేదు.

రెండొందల మంది అభిమానుల గ్రూపులో ఒకటే ఏడుపులు. ప్రేమించిన పిల్ల కాదు పొమ్మన్నప్పుడు కూడా ఇంత బాధ కలగలేదని ఒకడు రాశాడు. ఈ అమ్మాయి మాత్రం ఏడవలేదు. ఆమెకి అనుమానం వచ్చింది.

ఉప్పునదిని మూడుసార్లు దాటిన ప్రాణిని ఇనుము తాకదని మొదటి భాగంలో ఎక్కడో ఉంది. మసి మూడుసార్లు దాటింది. అంటే ఆ బాణం దిగడానికే వీల్లేదు. రాసినాయన మర్చిపోయాడు!

ఆయనెవరో ఎవరికీ తెలీదు. అట్ట మీద పేరుండాల్సిన చోట చిన్న ఈక బొమ్మ ఉంటుంది. అభిమానులంతా ‘ఈకాయన’ అంటారు.

పేజీ నంబరుతో సహా ఇవాళే పబ్లిషర్లకి రాస్తే మసి బతకొచ్చు. నంబరు లేకపోతే వెయ్యి ఏడుపు ఉత్తరాల్లో ఇదీ ఒకటవుతుంది. కానీ నాలుగు పుస్తకాలూ పరీక్షలయ్యేదాకా బీరువాలో ఖైదు. తాళాల గుత్తి అమ్మ దగ్గర.

అమ్మకి ఈ పుస్తకాలంటే వెటకారం. కూతురు ఏ భాగం ముగించినా “ఎన్నో పేజీలో ఏడ్చావే?” అని అడుగుతుంది. చెప్పేదాకా వదలదు. మధ్యాహ్నమైతే కుట్టుగదిలో దూరి గడియ పెట్టుకుంటుంది. నాలుగేళ్లుగా కర్టెన్లు కుడుతోంది. కిటికీలు మాత్రం ఇంకా బోసిగానే ఉన్నాయి.

ఇప్పుడూ అటే వెళ్తోంది. అమ్మాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“అమ్మా, తాళాలివ్వు. ఐదు నిమిషాలు.”

“ఎల్లుండి పరీక్ష అయ్యాక ఐదు రోజులు చదువుకో.”

“ఎల్లుండికి నక్క ఉండదే!”

“పోతే పోయింది. మనకి మేనత్తా, పిన్నా?”

“అది చావకూడదమ్మా. ఈకాయన పొరపాటు చేశాడు.”

అమ్మ ఆగింది. “ఏం పొరపాటు?”

అమ్మాయి ఉప్పునది సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అమ్మ మొహం చిట్లించింది.

“అలాంటిదేం లేదందులో.”

“నువ్వు చదివావా ఏంటి?”

“దుమ్ము దులిపేటప్పుడు నాలుగు ముక్కలు కళ్ల పడవూ? ఊరికే ఊహించుకుని పెద్దమనిషి మీద నింద వేయకు.”

“ఉంది! పందెం!”

“సరే. చూపించు. లేకపోతే నాలుగు పుస్తకాలూ సాయంత్రానికి పాత కాగితాల వాడి బండెక్కుతాయి. ఐదోది ఇంటి గడప తొక్కదు.”

 అయినా అమ్మాయి తలూపింది.

బీరువా తెరుచుకుంది. మొదటి భాగం చేతికొచ్చింది. వంతెన కాపలావాడు చెప్పాడని గుర్తు. ఆ అధ్యాయమంతా గాలించింది. లేదు. యువరాణి తాతగారా? ఆయన ఉత్తరంలోనూ లేదు. వేళ్లకి చెమట పట్టి కాగితాలు అంటుకుపోతున్నాయి.

“ఇంకెంతసేపు? నాకు కుట్టు పనుంది,” అంది అమ్మ. కానీ కదల్లేదు. కూతురి భుజం మీంచి పుస్తకంలోకి తొంగి చూస్తూనే ఉంది.

నూట పది. నూట ముప్పై. అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే కల్పించుకుందా? బండి చక్రాల చప్పుడు అప్పుడే వినిపిస్తున్నట్టుంది.

నూట నలభై మూడు.

“ఇదిగో! ఉప్పునది మీద పడవ నడిపే ముసలమ్మ!” అరిచినంత పని చేసింది. “‘ముమ్మారు నా పడవెక్కిన ప్రాణిని ఏ ఇనుమూ తాకదు తల్లీ.’ చూడు!”

అమ్మ పుస్తకం లాక్కుంది. ఒకసారి చదివింది. వేలు పెట్టి మళ్లీ చదివింది.

“రెండుసార్లే కదా దాటింది?” అంది. గొంతులో ఇందాకటి జోరు లేదు.

“మూడోసారి నాలుగో భాగంలో. గుడ్డి గుర్రాన్ని వెతకడానికి యువరాణి వద్దంటున్నా వెళ్లలా?”

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడకున్న గడియారం చూసింది. పుస్తకం చంకలో పెట్టుకుని కుట్టుగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

“అమ్మా! నా పుస్తకం!” అమ్మాయి తలుపు దబదబా బాదింది. “పందెం నేను గెలిచాను! ఇది అన్యాయం! ఆ పేజీ ఫోటో తీసి పంపాలి, టైం లేదమ్మా!”



లోపల కుట్టుమిషను తిరిగే చప్పుడు లేదు.

అమ్మాయి తలుపుకి చెవి ఆనించింది.

“అచ్చు ఆపించండి,” అంటోంది అమ్మ ఫోనులో, “నేను పెట్టిన నియమం నేనే మర్చిపోయి నక్కని చంపేశాను, సాయంత్రంలోగా బతికించి పంపిస్తాను.”