మబ్బుల మీది గుమ్మం

"ముందు సీటు మేం అడిగాం కదా!" అన్నాడు భర్త, జీపు తలుపు పట్టుకుని.

అప్పటికే అందులో ఒక ముసలమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"వెనక సీటు కూడా ఆ ఊరికే పోతుంది బాబూ," అంది నిమ్మళంగా.

డ్రైవరు పకపకా నవ్వాడు. భార్యకీ నవ్వొచ్చింది. భర్తకి మాత్రం రాలేదు. ముందు కూర్చుని వీడియో తీద్దామని అతని ఆశ.

ఆఫీసులో అతన్ని అందరూ "దారితప్పినాయన" అంటారు. సెలవు దొరికితే చాలు, జనం మొహం చూడని కొండలూ కోనలూ వెతుక్కుంటాడు. పదిమంది వెళ్ళే చోటికి ససేమిరా వెళ్ళడు. ఫొటోలో మనిషి నీడ పడినా చెరిపేస్తాడు.

కానీ ఈసారి చోటు వెతికింది అతను కాదు, భార్య.

కొండ కొసన ఉన్న ఊరు. ఊట ఎండిపోయాక మనుషులు తలోదిక్కుకీ వెళ్ళిపోయారు. ఆమె తల్లి పుట్టింది అక్కడే.

"మా ఇంటి గుమ్మంలో నిలబడితే మబ్బులు కాళ్ళ కింద ఉండేవే," అనేది తల్లి, అంట్లు తోముతూనో, జ్వరంతో ముసుగు తన్నో. పుట్టింటి నుంచి ఆ ఒక్క మాట తప్ప ఆవిడ తెచ్చుకున్నదేమీ లేదు. ఒకసారి తీసుకెళ్తానని అంటూ అంటూనే పోయింది. చెప్పడానికి ఆ తరఫు మనిషంటూ మిగల్లేదు.

ఆ గుమ్మంలో ఒక్కసారి నిలబడాలి. ఆమెకి అంతే కావాలి.

"ఏ ఇల్లో ఎలా తెలుస్తుంది నీకు?" అని బయల్దేరేముందే అడిగాడు భర్త.

"తెలిసిపోతుందండీ. అమ్మ ఇల్లు కదా, అదే పిలుస్తుంది."

జీపు మలుపులు తిరుగుతోంది.

"పైన మీవాళ్ళెవరైనా ఉన్నారా సార్?" అడిగాడు డ్రైవరు.

"ఎవరూ లేరనేగా వెళ్తున్నాం!"

భార్య నోరు విప్పబోయి ఊరుకుంది. ముక్కూమొహం తెలీనివాళ్ళ ముందు అమ్మ మాటెత్తితే ఏడుపు ఆగదని భయం.

"మరి నువ్వెందుకు పెద్దమ్మా?" భర్త ముందుకి వంగి అడిగాడు. "అక్కడ గోడలు తప్ప ఏమున్నాయి?"

"పలకరించి వద్దామని."

"గోడల్నా?"

"ఆ కెమెరాతో నువ్వు వాటికి ఫొటోలు తియ్యబోవట్లా?"

రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి రాళ్ళదారి. నాచు మీద భార్య కాలు జారింది. ముసలమ్మ చటుక్కున ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంది.

"గట్టిగా పట్టుకో తల్లీ. భయం లేదు."

ఎండిపోయినట్టున్న ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో!

ఊరు కనిపించింది. కూలిన కప్పులు. తుప్పుపట్టిన గొళ్ళేలు. పొయ్యిల్లో మొలిచిన గడ్డి.

భార్య మొదటి గుమ్మంలో నిలబడింది. కాళ్ళ కింద మబ్బులు!

"ఇదేనండీ!" అంది.

పక్కింటి గుమ్మంలో నిలబడింది. అక్కడా మబ్బులే.

ఆ పక్కదాంట్లోనూ.

అంచు పట్టుకుని వరసగా కట్టిన ఊరు. అన్ని గుమ్మాలూ మబ్బుల మీదే.

ఇంతలో ముసలమ్మ ఒక్కో తలుపూ తోసి లోపలికి కేకలెయ్యడం మొదలెట్టింది.

"ఒరేయ్ బొండాం! లేరా, ఎండెక్కింది!"

జవాబు వస్తుందన్నట్టు కాసేపు ఆగుతుంది. పక్క గుమ్మానికి పోతుంది.

"ఏమే పిచ్చుకా! నువ్వూ నీ చెల్లీ బైటికి రండే!"

"మనిషి కాస్త తేడాగా ఉంది," గొణిగాడు భర్త. "పెద్దమ్మా, ఫొటోలో పడుతున్నావు. పక్కకి జరుగుతావా?"

జరిగింది.

"ఇంకొంచెం."

"ఇంకా జరిగితే లోయలో పడతాను నాయనా!"

నవ్వుతూనే మరో తలుపు తోసింది. మళ్ళీ కేక.

భార్య కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది. ఏ గోడైనా తనని పిలుస్తుందేమోనని. ఈ కేకల్లో ఏం వినపడుతుంది?

చివరికి తనే వెళ్ళి ముసలమ్మ చేతులు పట్టుకుంది.

"పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను. కాసేపు అరవకుండా ఉంటావా? ఎంతో దూరం నుంచి వచ్చాను."

ముసలమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో అడగబోయింది. మానుకుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సరేనని తలూపింది.

మిగిలిన ఇళ్ళ ముందు ఆవిడ పెదవులు మాత్రమే కదిలాయి. ఒక్కో గడపా చేత్తో తడిమి, అలా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నిశ్శబ్దం వచ్చింది. గాలి వచ్చింది. ఏ ఇల్లూ పిలవలేదు.

"ఇదే అనుకో," అన్నాడు భర్త జాలిగా, కాస్త నిటారుగా ఉన్న ఇంటిని చూపించి. "నిలబడు, ఫొటో తీస్తా."

అనుకుని నిలబడింది. అనుకుని ఏడ్చింది కూడా. ఏడుస్తూ ఉండగానే, ఇది కాదేమో అనిపించింది.

కిందికి దిగేసరికి డ్రైవరు ఒక్కడే ఉన్నాడు.

"పెద్దమ్మ ఇంకా రాలేదా?"

"రాదమ్మా. అవతలి వాలున మనవడు బండేసుకుని కాచుకున్నాడు. ఎక్కడికో దూరం తీసుకుపోతున్నాడట. ఏ ఊరో ఆవిడకే నోరు తిరగట్లేదు. మోకాళ్ళు పోయాయి, ఈ కొండెక్కడం ఇదే ఆఖరంది."

"మతి కూడా పోయినట్టుంది పాపం," అన్నాడు భర్త.

డ్రైవరు బండి స్టార్ట్ చెయ్యబోయి ఆగాడు.

"మతికేం సార్! ఆ ఊరి మంత్రసాని ఆవిడ. ఏ గడపలో ఏ బిడ్డకి పురుడు పోసిందో, ఆ గడప ముందు నిలబడి ఆ బిడ్డని ముద్దుపేరుతో పిలుచుకుంటుంది."