అరిగిపోయిన గిన్నె

"నీది నొప్పో నాటకమో ఇవాళ తేలిపోతుంది, పదవయ్యా!" అంటూ మల్‌సున్ డాక్టరు గది తలుపు తోసింది.

చిల్‌బొక్ చేతికర్ర మీద బరువంతా వేసి, అడుగడుక్కీ "అబ్బా" అంటూ వెనకాలే కుంటుకుంటూ వచ్చాడు. పెళ్ళాన్ని ఎన్నిసార్లయినా ఏమార్చొచ్చు గానీ, ఒంట్లోని ఎముకని అన్ని వైపుల నుంచీ కొలిచే కంప్యూటర్ని ఏమార్చడం ఎలా? రేపే ఇంట్లో చలికాలమంతటికీ సరిపడా కిమ్చీ, అదే క్యాబేజీ ఊరగాయ, పెట్టడం. గంపలకొద్దీ క్యాబేజీలు ఉప్పునీళ్ళలో నానుతున్నాయి. నాటకమని తేలిందంటే వాటిని కడగడం, మొయ్యడం, జాడీలకెత్తడం అంతా అతని నెత్తినే పడుతుంది. పోయినేడు ఈ తుంటినొప్పి పుణ్యమా అనే కింది నుంచి వేడి చేసే వెచ్చటి నేల మీద దుప్పటి ముసుగేసుకుని హాయిగా పడుకున్నాడు.

డాక్టరు తెసిక్ పరాయివాడేం కాదు, మల్‌సున్ తమ్ముడి కొడుకు.

"కూర్చోండి మామయ్యా. పోయిన వారం తీసిన స్కానింగు కొలతలు వచ్చేశాయి" అని తెర ఇటు తిప్పాడు. తెర మీద తెల్లటి తుంటి ఎముక మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది.

"ఇదిగో, తొడ ఎముక గుండు కూర్చునే గిన్నె ఇది. బాగున్న ఎడమ గిన్నెని అద్దంలో బొమ్మలా తిప్పి కుడి గిన్నె మీద పెడుతుంది కంప్యూటరు. ఎముక ఎక్కడ తరిగిపోయిందో అక్కడ ఎర్రగా చూపిస్తుంది."

అతను మీట నొక్కగానే గిన్నె పైభాగమంతా భగ్గున ఎర్రబడింది.

"మూడో వంతు ఎముక లేదు. దీంతో ఎలా నడుస్తున్నారో నాకే అర్థం కావట్లేదు" అన్నాడు తెసిక్.

చిల్‌బొక్ ముందు నోరెళ్ళబెట్టాడు. ఆ వెంటనే ప్రాణం లేచొచ్చింది.

"విన్నావటే, మన సోరా అమ్మా? నాటకమన్నావే! తేరగా తిని పడుకుంటున్నానన్నావే! కంప్యూటరే చెబుతోంది, చూడు!" అంటుంటే తుంటిలో నిజంగానే కలుక్కుమన్నట్టనిపించింది. మల్‌సున్ తల వంచుకుంది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆవిడ నోరు మూతపడటం అదే మొదటిసారి. "ఇంత బాధా పంటి బిగువున ఓర్చుకున్నాన్రా, తెసిక్!" అన్నాడు చిల్‌బొక్ డాక్టరు వైపు తిరిగి.

తెసిక్ గొంతు సవరించుకున్నాడు.

"మీరు కాదు మామయ్యా, ఓర్చుకున్నది అత్త. ఆ రోజు మీరు బట్టలు మార్చుకుంటుంటే, నాకూ కాస్త నొప్పిగా ఉందిరా అంది. పనిలో పని, తనకీ తీశాం. ఈ బొమ్మ అత్తది."

చిల్‌బొక్ పెళ్ళాం వైపు తిరిగాడు. నిజమే, ఆ రోజు మల్‌సున్ కాఫీ తాగొస్తానని వెళ్ళి ఎంతకీ రాలేదు. పోయినేడు గంపలన్నీ ఎత్తింది ఎవరు? ముసుగులోంచి చూస్తూ, "కారం తగ్గించు" అని పురమాయించింది ఎవరు? అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కదలకు! ఒక్క అడుగు వేశావో, చూడు!" అని అరిచి ఒక్క ఉదుటున బయటికి ఉరికాడు.

లిఫ్టు కోసం కూడా ఆగలేదు. రెండేసి మెట్లు దూకుతూ కిందికి దిగాడు. గుమ్మం దగ్గరున్న చక్రాల కుర్చీ లాక్కుని, "తాతా, అది పేషెంట్లకి!" అని నర్సు కేకేస్తున్నా వినకుండా లిఫ్టులోకి తోసుకుపోయాడు.

"ఎక్కు!" అన్నాడు గదిలోకి వచ్చి రొప్పుతూ. "రేపు నువ్వు ఒక్క క్యాబేజీ ముట్టుకున్నా ఊరుకోను. అన్నీ నేనే కడుగుతా, నేనే మోస్తా. పోయినేడు నాకు నొప్పీ లేదు, పాడూ లేదు. బుద్ధి గడ్డి తిని పడుకున్నా!"

తెసిక్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. మల్‌సున్ చకచకా నాలుగడుగులు వేసి వచ్చి, కుర్చీలో దర్జాగా కూర్చుని, మొగుడు వదిలేసిపోయిన చేతికర్రని ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుకో ఏడుపుకో తెలియకుండా.

"తెసిక్ వైద్యం చదివే పిల్లలకి పాఠం చెప్పుకునే బొమ్మని నాదనుకునే ఇంత పరుగెత్తావంటే, రేపు నాకు నిజంగా ఏమన్నా అయినా దిగుల్లేదు. ఇక తొయ్యవయ్యా, దారిలో ముల్లంగి కూడా కొనాలి!"